నత్తలున్నయి గని, రకాలేవి?

"నత్తలేడికి పోయినయి సారూ, మడిల కాలు పెడితె గుచ్చుకుంటనే ఉన్నయి గదా" అంటరు మా ఊరోళ్ళు. ఆ మాట విన్నప్పుడల్ల నాకు పానం ఊరుకోదు. గుచ్చుకునేటియి ఉన్నయి, నేను కాదంటలేను. నేను అడిగేది ఎన్ని నత్తలున్నయని కాదు, ఎన్ని రకాలు మిగిలినయని. మా రోజుల్ల మానేరు ఒడ్డు పోరగానికి బడికి పోకముందే ఏడెనిమిది రకాల నత్తలు, మూడు నాలుగు రకాల ఆల్చిప్పలు ఎరుకయ్యేటియి. ఏది తినేది, ఏది కోళ్ళకేసేది, ఏది అరికాలు కోసేది, ఏది పారే నీళ్ళల్ల ఉండేది, ఏది నిలిచిన నీళ్ళల్ల ఉండేది, ఇదంత ఎవ్వరు కూసోపెట్టి చెప్పకుంటనే వచ్చిన చదువు. ఇప్పుడు ఎమ్మెస్సీ చదివిన పిల్లగాని ముంగట పది తీర్ల గుల్లలు పోస్తె "అన్నీ నత్తలే గద సార్" అంటడు. అంతటితోని పని అయిపోయిందనుకుంటడు.

నేను పాత కరీంనగర్ జిల్లాల పుట్టిన. ఆదిలాబాద్ ఏజెన్సీల సైన్స్ సారుగ కొలువు చేసిన. 2016ల ఆ రెండు జిల్లాలు ఎనిమిది పేర్లయినయి గని, నీళ్ళకు ఆ హద్దులు తెల్వవు. గోదావరి, మానేరు, ప్రాణహిత, కడెం, పెద్దవాగు, వాటి నడుమ వేల చెరువులు, కుంటలు, ఒర్రెలు. ఇంత నీళ్ళ దేశంల నత్త ఎన్ని తీర్లుంటదో చూసిన కండ్లతోని చెప్తున్న.

ముందు పెద్ద నత్త. డిగ్రీ పుస్తకంల దాన్ని పైలా అంటరు. ఎండకాలం చెరువు గుంజుతున్న కొద్ది ఇది శిఖంల బురదలకు దిగుతది. నోటికి సున్నపు మూత ఉంటది. ఆ మూత బిగించుకోని, పైన మన్ను పలుగుతోని తవ్వరానంత గట్టిపడ్డా, లోపల్నే పంటది. నెలల తరబడి తిండి లేదు, నీళ్ళు లేవు. మిరుగు కార్తెల గట్టివాన ఒక్కటి పడి చెరువుల జానెడు నీళ్ళు నిలిస్తె చాలు, తెల్లారేసరికి కట్ట పొంట నత్తలే నత్తలు. దీనికి మొప్ప ఉంది, ఊపిరితిత్తి ఉంది. నీళ్ళల్ల ఒక తీరు, ఒడ్డుమీద ఇంకో తీరు గాలి తీసుకుంటది. నీళ్ళు చెడిపోయి వాసన పట్టినప్పుడు లోతులనుంచి కొంచెం పైకి వచ్చి, మెడ పక్క నుంచి మెత్తటి గొట్టం ఒకటి సాపి, దాని కొన నీళ్ళపైకి ఎత్తి ఊపిరి పీలుస్తది. పీల్చినప్పుడల్ల తల ముందుకు, ఎనుకకు కదులుతది. తూముకాడ బండమీద బోర్లపడుకోని ఇది ఎంతసేపు చూసినా నాకు విసుగనిపించకపోయేది. గుడ్లు మాత్రం నీళ్ళల్ల పెట్టదు. ఒడ్డెక్కి, ఒరం పక్క తడిమట్టిల గుంత చూసుకోని తెల్లటి గుండ్రటి గుడ్లు కుప్పగ పెడ్తది. ఒక్క కుప్పకు రెండు వందల నుంచి ఎనిమిది వందల దాంక ఉంటయి.

గుడ్డు పెట్టే జాగ మన్ను ఒరం. ఆ ఒరానికి ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు గడ్డిమందు కొడుతున్నరు. మా బాపు కాలంల ఒరం మీద గడ్డి బర్రెకు మేత. కొడవలి పట్టుకోని కోసుకపోయేటోళ్ళు, ఒరం కింద గుడ్లకు ఏమయ్యేది కాదు. ఇప్పుడు బర్లూ లేవు, కోసేటోళ్ళూ లేరు. పంపు భుజానికి తగిలించుకుంటె పొద్దుగూకకముందే ఊరంత ఒరాలు ఎర్రగ మాడుతయి.

ఇంకొకటుండేది, బొటనవేలంత, ఆకుపచ్చ రంగు పొట్టమీద నల్లటి చారలతోని. పుస్తకంల బెల్లమ్యా అని ఉంటది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటది. నా క్లాసుల పిల్లలకు నేను మొట్టమొదట చూపించేది ఇదే. మెల్లగ గుల్ల పగులగొడితె కడుపుల ఆవగింజంత నత్తలు, ఒక్కొక్కదానికి పుట్టకముందే సొంత గుల్ల, సొంత మూత. పిల్లలు నోరు తెరిచి చూసేటోళ్ళు. నత్తకు కూడ కాన్పు ఉంటదా సార్ అని ఒక గోండు పిల్ల అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు నాకు ఆ ఏడు జీతం ముట్టినట్టయింది.

సన్నగ, పొడుగ్గ, మొన తేలిన ఇంకో నత్త వాగుల ఇసుకల ఉండేది. దాని సంగతి వింటె మీరు ఆశ్చర్యపోతరు. 1774ల డెన్మార్క్ దేశపు ఓటో ఫ్రెడరిక్ ముల్లర్ దానికి శాస్త్రం పేరు పెట్టిండు. ఆయన చూసిన గుల్ల మన కోరమండల్ తీరం నుంచి పోయింది. మెలనాయిడెస్ ట్యూబర్క్యులాటా అని ఇప్పుడు పిలుస్తున్నరు. అమెరికా దాంక పాకి అక్కడి సొంత నత్తలకు తిప్పలు పెడుతున్నది. మనది అక్కడికి పోయి వాళ్ళ కొంప ముంచుతుంటె, వాళ్ళ దిక్కు నత్త ఫైసెల్లా అక్యూటా మన దేశపు మురికికాలువలల్ల సంసారం పెట్టింది. చదునుగ చుట్టుకోని, గిల్లితె ఎర్రటి రక్తం కారే ఇండోప్లానార్బిస్ ఒకటి. పల్చటి గుల్లతోని, మూత లేకుంట, నీళ్ళపైన తలకిందులుగ జారేది లిమ్నియా. చెరువు నాచుల అగ్గిపుల్ల తలకాయంత ఉండేటియి కూడ ఉన్నయి. వాటికి మా ఊర్ల పేరు లేదు గని, చేపల బుట్ట కడిగే మా అవ్వకు అవి వేరే రకమని తెలుసు.

ఇగ ఆల్చిప్పలు. పొద్దున్నే మానేరుకు పోతె, నీళ్ళు ఎనుకకు జరిగిన తడి ఇసుకమీద ఎవరో వేలుతోని గీసినట్టు వంకర గీతలు కనపడేటియి. ఆల్చిప్ప తన నాలుకలాంటి కాలు సాపి, ఇసుకను దున్నుకుంట నీళ్ళ దిక్కు పోయిన జాడ అది. గీత ఆగిన కాడ రెండు వేళ్ళు దించితె అంచు తగులుతది. పైకి తీస్తె టప్పున మూసుకుంటది, మూసుకునేటప్పుడు సన్నటి నీళ్ళధార మొఖం మీద పడ్తది. పైన మట్టిరంగు తోలు, తోలుమీద ఏడు ఏడు పెరిగిన చుట్టలు. లోపల నీలంకలిసిన తెలుపు, ఎండకు తిప్పితె గులాబీ రంగు. పెద్దగ, పల్చగ, నున్నగ ఉండేది లామెల్లిడెన్స్. చిన్నగ, మందంగ, కొనకాడ ముడతలు తేలేది పర్రేసియా. పసుపురంగుల వరుస గీరలతోని వేలిగోరంత ఉండేది కార్బిక్యులా. మూడూ ఒక్క ఇసుకతిన్నెల దొరికేటియి.

వాటి పని ఇంటింటికి ఉండేది. పాలకుండ అడుగున మాడిన గోకుడు ఆల్చిప్పతోనే గీరేది. ఆ గోకుడు కోసం అన్నదమ్ములం కొట్లాడుకునేది. నడిమిట్ల బండకు రాకి బెజ్జం చేసి, ఆ బెజ్జం అంచుతోని మామిడికాయ చెక్కు తీసెటోళ్ళం. పసిపోరలకు మందు పోసేది ఆల్చిప్పతోనే. ఖాళీ గుల్లలన్ని కుప్పచేసి కాల్చితె గుల్లసున్నం వచ్చేది. ఆ సున్నం గోడకు, తమలపాకుకు రెండిటికీ పనికొచ్చేది. నాటేసి ఇంటికి మళ్ళే ఆడోళ్ళ కొంగుల పెద్దనత్తలు ఉండేటియి. ఉప్పేసి ఉడకబెట్టి, తుమ్మముల్లుతోని తీసి, ఉల్లిగడ్డ కారం వేసి వండితె చలికాలం దమ్ముకు మంచిదని మా తాత తినేటోడు. కోతలైనంక కోస్తా దిక్కు నుంచి బాతులోళ్ళు మందలు తోలుకోని వచ్చి మడి మడికి కిరాయి మాట్లాడుకునేటోళ్ళు. రాలిన వడ్లు, నత్తలు కలిసి ఆ బాతులకు నెలల తిండి. పనికొచ్చే వస్తువును మనిషి గుర్తుపడతడు. పని పోయినంక గుర్తు కూడ పోయింది, అదే జరిగింది.

ఇప్పుడు ఆ మానేరుల ఇసుక లేదు. ఉన్న జాగల రాత్రింబగళ్ళు పొక్లెయిన్లు. ఇసుకంటె మీకు లారీలకు ఎక్కే సరుకు, ఆల్చిప్పకు అది ఇల్లు. రెండు మూడు మీటర్ల లోతు తవ్వుకపోయినంక అడుగున తేలేది బంక, బండ. అక్కడ అది కాలు సాపనీకి సందే ఉండదు. హరిత ట్రిబ్యునల్ దాంక మానేరు ఇసుక కేసులు పోయినయి. ఆ కాయితాలల్ల భూగర్భజలం మాట వస్తది, రోడ్లు పాడైన మాట వస్తది. ఇసుకల బతికేటి ప్రాణాల మాట ఎవరు రాయాలె?

ఆల్చిప్ప సంగతిల ఇంకొక మెలిక ఉంది, అది తెల్వకుంట ఎన్ని చర్చలు చేసినా లాభం లేదు. లామెల్లిడెన్స్, పర్రేసియా తీరు తల్లి ఆల్చిప్ప తన మొప్పలల్ల పిల్లల్ని మోసి నీళ్ళల్లకు వదులుతది. కంటికి ఆననంత చిన్నగ ఉండే ఆ పిల్ల తనంత తాను బతకలేదు. పోయే చేప మొప్పకో రెక్కకో కరుచుకోని కొన్ని రోజులు దాని మీద బతికి, తయారైనంక రాలి ఇసుకల పడ్తది. చేప లేకుంటె ఆల్చిప్ప లేదు. అది గూడ ఏ చేప పడితె ఆ చేప పనికిరాదు. మా చెరువుల కొర్రమట్ట, జెల్ల, మార్పు, చందమామ, పరకలు, బొమ్మిడాయిలు ఇట్ల పేర్లు చెప్పుకుంట పోతె పూట గడుస్తది. 2016 నుంచి సర్కారు ఉచితంగ చేపపిల్లలు పోస్తున్నది, మత్స్యకారుల పిల్లలకు నాలుగు పైసలు వస్తున్నయి, దానికి నేను సంతోషపడ్త. కని పోసేది బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ. చెరువంత వాటితోనే నిండితె పాత చేపలు ఎక్కడ ఈనాలె, వాటిని నమ్ముకున్న ఆల్చిప్ప ఎక్కడ పుట్టాలె? ఈ మధ్య ఫోన్ల వీడియోలు చూసి ముత్యాల సాగు అంటున్నరు పోరగాండ్లు. భువనేశ్వర్ల సీఫా సంస్థ నేర్పే విద్య అది, మంచి విద్య. కని ఆ సాగుకు కావాల్సిన ఆల్చిప్పలు వాగులనుంచే ఏరుకరావాలె. ఏరే వేగం పుట్టే వేగాన్ని దాటితె ఏమైతదో లెక్క వేయనీకి పెద్ద చదువు అక్కరలేదు.

పెద్ద కట్టడాల సంగతి కూడ చెప్పాలె. 1963ల పోచంపాడు కాడ నెహ్రూ పునాదిరాయి వేసిండు. తర్వాత దిగువ మానేరు, ఆ తర్వాత ఎల్లంపల్లి, మధ్య మానేరు. 2019ల కాళేశ్వరం ఎత్తిపోతలు. మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ బరాజులతోని ప్రాణహిత కలిసిన కాడినుంచి గోదావరి కొన్నేండ్లు చెరువుల వరుస అయింది. కాలువ కింద పొలం ఉన్న రైతు కడుపుల పుట్టినోన్ని, నీళ్ళు వద్దని నేనెట్లంట? కని పారే నీళ్ళల్ల, రాళ్ళకు కరుచుకోని, సన్నటి నాచు గీక్కోని బతికే నత్తకు నిలిచిన నీళ్ళు ఉరి. నిలిచిన నీళ్ళల్ల, బురదల, మురికిల బతికే లిమ్నియాకు, ఇండోప్లానార్బిస్‌కు మాత్రం అది పండుగ. అందుకే మడిల కాలుకు గుచ్చుకుంటనే ఉన్నయి. గుచ్చుకునేటియి అవే. బర్లకు, మేకలకు కార్జంల జలగలు పుట్టిచ్చేది గూడ ఆ లిమ్నియానే. పశువుల డాక్టరు ఒకప్పుడు కుంటల మైలతుత్తం చల్లమనేటోడు. చల్లితె ఆ ఒక్క రకమే చావదు, అన్ని రకాలు చస్తయి. తిరిగి ముందుగ లేచేది మల్ల ఆ జబ్బు రకమే.

పొలంల గుళికల సంగతి రెండు మాటలు చాలు. ఫోరేట్ గుళికలు మా ఊరు మడులల్ల ఏండ్లకేండ్లు చల్లిండ్రు. కేంద్రం దాన్ని 2020 ఆఖరుకు బంద్ పెట్టింది. బంద్ పెట్టేటప్పటికి ఒక తరం నత్తలు, కప్పలు, ఎండ్రికాయలు మట్టిల కలిసినయి.

చెరువుల పూడిక తీసుడు నాకు ఇంకా మింగుడుపడని ముచ్చట. 2015ల మిషన్ కాకతీయ మొదలై 46 వేల పైచిలుకు చెరువులను లెక్కల పెట్టుకున్నది. కాకతీయుల నాటి చెరువులకు మళ్ళ కట్ట, తూము, మత్తడి దక్కుడు మంచి పనే. మా చిన్నప్పుడు గూడ పూడిక తీసేది. ఎండకాలం బండ్లు కట్టుకోని పోయి, ఎవరి పొలానికి కావాల్సినంత మన్ను వాళ్ళు తెచ్చుకునేది. ఒక ఏడు ఒక మూల, మల్ల ఏడు ఇంకో మూల. నత్తలు పండుకున్న బురద సగానికి పైగ ముట్టకుంట ఉండేది. యంత్రం అట్ల వదలది. శిఖమంత ఒక్క ఎండకాలంల ఒక్కతీరు గీరి, నిద్రపోయే నత్తలతోని సహా ట్రాక్టర్లకెక్కిచ్చి చెల్కల పోస్తది. పొడిచెల్కల అవి లేస్తయా? ఇంజనీర్లను నేను కోరేది ఒక్కటే: చెరువుల ఒక పావు వంతు, తూము పక్కనో మత్తడి మూలకో, ఆ ఏడు ముట్టకుంట వదలాలె. ఒక్క పైస ఖర్చు లేని పని ఇది.

నత్తను నమ్ముకున్న గుల్లకొంగను చూడండ్రి. దాని ముక్కు నడుమ సందు ఉంటది, జారే నత్తను పట్టనీకి పుట్టిన ముక్కు అది. మా తుమ్మచెట్లమీద గుంపులు గుంపులుగ దిగేటియి. ముక్కు కొనతోని మూత పక్కన కోసి, గుల్ల పగులకుంట మాంసం గుంజేది. చెట్టుకింద సాఫుగ ఖాళీ అయిన గుల్లలు ఏరుకోని ఆడుకునేది మేము. మిణుగురు పురుగులు కూడ అంతే. రాత్రి చెల్కల మెరిసేది పెద్ద పురుగు. దాని పిల్లపురుగు నేలమీద తిరుగుకుంట నత్తలను తిని పెరుగుతది. మా మనుమరాలు మిణుగురును సినిమాలనే చూసింది. దీపం పురుగు ఏమైందని అడిగే పెద్దమనుషులు నత్త ఏమైందని అడుగరు.

ఆదిలాబాద్ అడవిల నేలనత్తలుండేటియి. టేకు ఆకు రాలి మోకాలిలోతు పడేది. దాని కింద తడి, ఆ తడిల సన్నటి పల్చటి గుల్లల నత్తలు, గుల్ల లేని నత్తలు, బియ్యపుగింజంత తెల్లటి జూటెకస్‌లు. ఎండకాలం నోటికి జిగురుపొర కట్టుకోని చెట్టుబెరడు సందుల్ల, రాళ్ళ కింద పండేటియి. గుల్ల కట్టుకోనీకి సున్నం కావాలె కాబట్టి మన్నుల, రాతిల సున్నం ఉన్న జాగల గుంపుగ ఉండేటియి. తునికాకు చిగురుకని, ఇప్పపువ్వు ఏరనీకి నేల సాఫుగ ఉండాలని ఫాల్గుణం, చైత్రంల అగ్గి పెడుతరు. అగ్గి పాతదే, ఇదివరకు కూడ పెట్టేటోళ్ళు. కని అప్పుడు అడవి పెద్దది, నడుమ నడుమ ఒర్రెలు, తడిజాగలు కాలకుంట మిగిలేటియి, అక్కడినుంచి నత్త మల్ల పాకేది. ఇప్పుడు అడవి ముక్కలైంది, చుట్టూ పత్తి. కాలిన ముక్కకు మల్ల నత్త ఏడికెల్లి వస్తది? కవ్వాల్ 2012ల పెద్దపులుల రిజర్వ్ అయింది. పులికి కెమెరాలు పెట్టిండ్రు, మంచిదే. ఆకుల కింద బతుకుకు గూడ ఒక కన్ను ఉండాలె.

దేశం లెక్క చెప్త. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2010ల వేసిన జాబితాల మన నేలనత్తలు 1,129 జాతులు. సగానికి సగం పైన ఈశాన్య కొండలల్ల, పశ్చిమ కనుమలల్ల ఉన్నయి. ఒక్క పశ్చిమ కనుమలల్లనే 270 దాంక ఉన్నయని తేల్చిండ్రు. మన లాంటి ఎండనేలల తక్కువ. తక్కువ కాబట్టే వాటిని చూడవచ్చే పండితులు తక్కువ, పుస్తకాలు తక్కువ. మంచినీళ్ళ నత్తలకు, ఆల్చిప్పలకు ఎన్.వి.సుబ్బారావు రాసిన హ్యాండ్‌బుక్ 1989ల వచ్చింది. ఇప్పటికి అదే చేతిపుస్తకం. ముప్పై ఐదేండ్లు దాటిన మాట అది. ఆ ఏండ్లల్ల మానేరు ఎట్ల మారిందో పైన చెప్పిన.

దునియా మొత్తం ఇదే గోస. 1500 తర్వాత అంతరించినయని నమోదైన జంతువులల్ల నూటికి 42 వంతులు నత్తజాతివేనని 2004ల కొందరు శాస్త్రవేత్తలు లెక్క తీసిండ్రు. పులి, రాబందు, ఏనుగు అని మనం ఏడుస్తుంటె, చప్పుడు లేకుంట పోయినయి ఇవే. తహితి దీవులల్ల పార్టులా అనే చిన్న చెట్టునత్తల కథ తెలుసుకోవాలె. ఆఫ్రికా పెద్దనత్త పంటలు తింటున్నదని, దాన్ని తినే ఇంకో నత్తను 1970లల్ల అక్కడ తెచ్చి వదిలిండ్రు. అది పెద్దనత్తను విడిచిపెట్టి పార్టులాలను తిని ఊడ్చింది. మన దేశానికి ఆ ఆఫ్రికా నత్త 1847లనే వచ్చింది. విలియం బెన్సన్ అనే దొర, నత్తల శాస్త్రం తెలిసినోడే, మారిషస్ నుంచి తెచ్చి కలకత్తల వదిలిండు. ఇప్పుడది ఎన్ని రాష్ట్రాలల్ల తోటలు మేస్తున్నదో రైతులను అడగాలె. నర్సరీ మొక్కల మన్నుల దాని గుడ్లు ఊరు ఊరు తిరుగుతయి. కరీంనగర్ల ఇండ్ల ముంగట కుండీలు పెట్టుకునేటోళ్ళు తెచ్చిన మొక్క మన్ను ఒకసారి చూసుకోవాలె.

అన్నిటికంటె నాకు బాధయ్యేది ఇంకొకటుంది. ఈ నేల నత్తలకు కొత్తది కాదు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటె నల్లరాయి మొదలైతది. అది చల్లారిన లావా, 6.6 కోట్ల ఏండ్ల కిందటిది. ఒక లావా పారి చల్లారినంక, ఇంకొకటి పారేలోపల నడుమ ఏండ్లల్ల ఇక్కడ చెరువులు నిలిచినయి. ఆ చెరువులల్ల నత్తలు బతికినయి. మల్ల లావా వచ్చి కప్పితె అవి రాయిగ మారినయి. మాల్కంసన్ అనే బ్రిటిష్ డాక్టరు 1830లల్ల హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ తొవ్వల ఈ గుట్టలు దాటుకుంట వాటిని ఏరిండు. అప్పటి పటాలల్ల ఇవి సిచెల్ గుట్టలు. 1840ల లండన్ జియాలజీ వాళ్ళ సంచికల సోవర్బీ అనే పండితుడు వాటికి పేర్లు పెట్టిండు. అందుల ఫైసా ప్రిన్సెపీ ఒకటి. ఏజెన్సీల ఉన్నప్పుడు గొర్లకాపరి ఒకాయన చకుముకి రాయి ముక్క ఒకటి నా చేతుల పెట్టిండు. పగిలిన కాడ ఈ నత్త అడ్డంగ కోసినట్టు కనపడ్డది. మొన పైకి పెట్టి చూస్తె నోరు ఎడమ దిక్కు తెరుచుకోని ఉంది. మన పెద్దనత్తకు కుడిదిక్కు ఉంటది. ఆసిఫాబాద్ దిక్కు ఇట్లాంటి పొరలల్ల చేపల పండ్లు, సన్నటి గుల్లపురుగులు గూడ దొరికి, లావా కాలం ఎప్పటిదని తేల్చనీకి ప్రపంచంల పండితులు వాటినే సాక్ష్యం పట్టిండ్రు. ఇంకా ఎనుకకు పోతె, ఆదిలాబాద్ మలేరి రాళ్ళల్ల ఇరవై కోట్ల ఏండ్లకు పైబడ్డ ఆల్చిప్పలున్నయి. 1958ల సాహ్ని, తివారి అనే పండితులు వాటిమీద కొత్త జాతులు రాసిండ్రు. ఆదిలాబాద్ల దొరికిన కోటాసారస్ ఎముకలను హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల నిలబెట్టినందుకు లక్షలమంది పిల్లలు చూసిండ్రు. ఆ రాక్షసబల్లి తాగిన నీళ్ళల్ల ఉన్న ఆల్చిప్ప వంశం మాత్రం మానేరు ఇసుకల మొన్న మొన్నటి దాంక బతికే ఉండె. రాక్షసబల్లి పోయింది, లావా వచ్చింది, సముద్రాలు జరిగినయి, ఇది ఉండె. మా ఒక్క తరం చేతుల మీదుగ పోతున్నది.

బడి సంగతి చెప్పకుంట విడువ. మా డిగ్రీ రోజుల్ల పైలాను కోసి నరాల చుట్టు చూసి బొమ్మ గీసుకునేది. 2014ల యూజీసీ కోతలు బంద్ పెట్టింది. ప్రాణిని అనవసరంగ చంపుడు ఆగింది, అది న్యాయమే. కని కోత పోయినంక పిల్లలను చెరువుకు తీసుకపోవాలె గద. తీసుకపోతలేరు. తెరమీద బొమ్మ చూపి, పేరు రాయించి, మార్కులు వేస్తున్నరు. నత్త ఎట్ల పీలుస్తదో, ఎట్ల నడుస్తదో చూడకుంటనే జువాలజీ పట్టా వస్తున్నది. సైన్స్ సార్లను, మేడంలను అడుగుతున్న: వానకాలం ఒక్క పూట మీ పిల్లలను కట్టమీదికి తీసుకపోండ్రి. సరిపోను గంబూట్లు లేకుంటె ఒడ్డుమీద ఖాళీ గుల్లలే ఏరియ్యండ్రి. బతికినదాన్ని పట్టాల్సిన పనిలేదు.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి గ్రామపంచాయతికి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలె, దాని దగ్గర ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలె. ఒక ఊరి రిజిస్టర్ నేను తిప్పి చూసిన. చెట్లున్నయి, వరి రకాలున్నయి, పక్షులున్నయి, పాములు గూడ ఉన్నయి. నత్తల కాడ "నత్త" అని ఒక్క మాట రాసి గీత కొట్టిండ్రు. కమిటీ పెద్దలను నేను కోరేది ఇదే. మీ ఊర్ల డెబ్బై దాటిన చేపలోళ్ళను, నాటేసిన ముసలమ్మలను కూసోపెట్టి అడుగుండ్రి: ఏ నత్త ఏ చెరువుల ఉండె, ఎప్పటినుంచి కనపడ్తలేదు, దాన్ని ఏమని పిలిచెటోళ్ళు. ఆ మాటలు వాళ్ళతోనే పోతయి. దొరికిన ఖాళీ గుల్లలను ఊరి పేరు, వాగు పేరు, తారీఖు రాసి డబ్బాల పెట్టుండ్రి. జూలాజికల్ సర్వేకు మంచినీళ్ళ జీవుల కేంద్రం హైదరాబాద్‌లనే ఉంది, రకం చెప్పమని అక్కడికి పంపుండ్రి. ఈ వానకాలం మత్తడి దుంకకముందే మొదలుపెట్టుండ్రి.